నల్లపూసలూ మధుపర్కాలూ: ఒక పెళ్లి ఫోటో ఆత్మకథ

నేను నలుపు తెలుపు పెళ్లి ఫోటోని. భిలాయి సెక్టర్ 7లో ఒక తెలుగు కుటుంబం బీరువాలో, నల్ల అట్టల ఆల్బంలో నా నివాసం. ఈ ఊరిది ఉక్కు పుట్టుక: ఇక్కడి ఉక్కు కర్మాగారానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభం. నాది వెండి పుట్టుక. కాగితం మీది జెలటిన్ పొరలో వెలుగు సోకిన వెండి లవణాలు డెవలపర్‌లో నల్లటి రేణువులయ్యాయి, సోకనివి హైపోలో కరిగిపోయాయి. నాలో కనిపించే నలుపంతా లోహమే. పాతకాలపు గుర్తుగా నన్ను దాచుకుంటే చాలదు, ఇవాళ్టి పెళ్లిలో కూడా ఆలోచించి నాకొక భాగం ఇవ్వాలన్నదే నా మాట.

ఎందుకంటే పెళ్లిలో కొన్ని ఘడియలు రంగులవి, కొన్ని మనుషులవి. మంగళస్నానాలు, గోరింటాకు, పట్టుచీరల కళకళ రంగు లేకపోతే అర్థమే కావు. నాలో పసుపు లేత బూడిదరంగుగా, కుంకుమ ముదురుగా మారిపోతాయి. అక్కడ నేను ఓడిపోతాను, ఒప్పుకుంటాను. కానీ తెరచాటున జీలకర్ర బెల్లం పెట్టుకునే చేతులు, తెర తొలగగానే కలిసే చూపులు, అప్పగింతలప్పుడు తండ్రి ముఖం వేరు. రంగుల ఫోటోలో చూపు ముందు జరీ అంచుల మీదికి, వేదిక పూల మీదికి పోతుంది. ఇప్పటి ఎల్‌ఈడీ దీపాలు ముఖాల మీద ఊదారంగు పులుముతున్నాయి కూడా. ఆ రంగులు తీసేస్తే వెలుగునీడలే మిగులుతాయి, చూపు నేరుగా ముఖాన్ని చేరుతుంది.

శుభకార్యంలో నలుపేమిటని పెద్దలు అభ్యంతరం చెబుతారు. వధువు మెడలో నల్లపూసలు, బుగ్గన దిష్టిచుక్క నలుపే కదా. మధుపర్కాలు తెలుపే కదా. మన పెళ్లి ఈ రెండింటినీ ఏనాడూ దూరం పెట్టలేదు. ఇక కుర్రవాళ్ల అభ్యంతరం వేరు: రంగుల్లో తీసుకుంటే ఎప్పుడైనా మీట నొక్కి మార్చుకోవచ్చు కదా అని. మార్చుకోవచ్చు, అసలు రంగుల ఫోటో కూడా భద్రంగా ఉంటుంది, అది మేలే. అయితే ఫ్లాష్ దెబ్బకు మధుపర్కం మడతలు తెల్లగా చెరిగిపోయిన ఫోటోకి ఏ మీటా ప్రాణం పోయలేదు. నలుపు తెలుపులో చూడాలన్న ఆలోచన ఫోటోగ్రాఫర్‌కి ముందే ఉంటే, వెలుగు ఏ పక్కనుంచి పడుతోందో చూసుకుని నిలబడతాడు.

మన్నిక సంగతి కూడా న్యాయంగా చెప్పాలి. 1970ల నాటి రంగుల ఫోటోలు చాలా ఇళ్లలో ఎర్రబారిపోయాయి. వాటిలోని ఆకాశనీలపు అద్దకం చీకట్లో ఉన్నా వెలిసిపోవడమే కారణం. తరవాత వచ్చిన రంగు కాగితాలు ఎంతో మెరుగుపడ్డాయి. నేనూ అమృతం తాగినదాన్ని కాను: హైపో సరిగా కడగకపోతే గోధుమరంగు మరకలు పడతాయి, తేమ తగిలితే బూజు పడుతుంది. ఇంక్‌తో అచ్చువేసిన నలుపు తెలుపు ఫోటోకి వెండి ఆయుష్షు రాదు. దాని మన్నిక ఆ ఇంక్‌దీ కాగితానిదీ. శ్రద్ధగా కడిగి, పొడిగా దాచిన వెండి ఫోటో మాత్రం తరాలు చూస్తుంది. ఇలాంటి ఊరికి అది చిన్న విషయం కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చినవాళ్లలో చాలామందికి క్వార్టరు ఉద్యోగం ఉన్నన్నాళ్లే. రిటైరయ్యాక ఇల్లు మారుతుంది, పిల్లలు తలో ఊరు చేరతారు. మేనత్త ఎవరో, పెదనాన్న ఎవరో మనవలకు చూపించాల్సింది ఆల్బమే.

కాబట్టి పెళ్లివారికి నా విన్నపం ఇది. ఏ ఘట్టాలు నలుపు తెలుపులో కావాలో ముహూర్తానికి ముందే ఫోటోగ్రాఫర్‌కి చెప్పండి. వాటిలో కొన్నైనా మంచి కాగితం మీద అచ్చువేయించండి. వెనక పెన్సిలుతో పేర్లు, ఊరు, తేదీ రాయండి. పేరు తెలియని ముఖం ఎంత స్పష్టంగా ఉన్నా చుట్టరికం చెప్పలేదు.