లెక్కలకు తలకిందుల సలహాలు

రోజూ సాయంత్రం మీ పిల్లల చేత ఏడో ఎక్కం వరసగా అప్పజెప్పించుకుంటున్నారా? మానేయండి. తప్పుడు సలహాలా వినబడుతుందని తెలుసు, అయినా గట్టిగా నమ్మే చెబుతున్నాను. "ఏడొకట్ల ఏడు" నుంచి డెబ్బై దాకా గడగడా చదివేసిన పాపని ఆపి, ఏడెనిమిదులెంత అని అడిగి చూడండి. పెదాలు కదుపుతూ మళ్లీ మొదటినుంచి ఎక్కి వస్తుంది. పాపకి వచ్చింది పాట. భాగహారంలో 56 ఎదురైనప్పుడు ఏడూ ఎనిమిదీ తట్టాలంటే ఆ పాట చాలదు. అందుకని మధ్యలోంచి అడగండి, తిరగేసి అడగండి: ఎనిమిదేళ్లెంత? 56లో ఎన్ని ఎనిమిదులు? అడగాల్సినవి కూడా ఎన్నో లేవు. రెండు నుంచి తొమ్మిది దాకా, తిరగేసిన జతలు వదిలేస్తే మొత్తం 36.

రెండోది: పాఠం ఇంకా పూర్తిగా రాకముందే పుస్తకం మూయించండి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు కాలేజీ విద్యార్థులకు ఒక వ్యాసం ఇచ్చారు. కొందరు నాలుగు విడతలూ చదివారు. కొందరు ఒక విడత చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత చదివినవాళ్లదే పైచేయి. వారం గడిచేసరికి వాళ్లకి గుర్తున్నది 40 శాతం, రాసినవాళ్లకి 61.

అది వచనం, లెక్కల సంగతేమిటంటారా? ఒకే రకం లెక్కలు ఇరవై వరసగా చేయించడం మనకి అలవాటు. దాన్నీ వదిలేయండి. రోరర్, టేలర్ 2007లో ఘనపరిమాణం లెక్కలతోనే పరీక్షించారు. ఒక్కో రకాన్నీ వరసగా చేసినవాళ్లకి సాధనలో 89 శాతం ఒప్పులు, కలగాపులగంగా చేసినవాళ్లకి 60. వారం తర్వాత పరీక్షలో మొదటివాళ్లకి 20, రెండోవాళ్లకి 63! ఏ పద్ధతి వాడాలో అధ్యాయం పేరే చెప్పేస్తే, ఎంచుకోవడం పిల్లలు ఎప్పుడు నేర్చుకుంటారు? నోటుబుక్కులో ఇంటూలు కనబడితే కంగారు పడకండి.

కొంచెం మరిచిపోనివ్వండి కూడా. ఇవాళ వచ్చినదాన్ని రేపు కాక, రెండు మూడు రోజులాగి అడగండి. తడుముకుంటుంటే జవాబు అందించకండి. గడియారం పెట్టకండి, పక్కింటి పిల్లాడి పేరు అసలే ఎత్తకండి. భయపడిన పిల్లలకి వచ్చినదీ నోటికి రాదు. బొత్తిగా తట్టకపోతే దారి చూపండి: ఏడేళ్లు నలభై తొమ్మిది తెలుసు కదా, ఇంకో ఏడు కలుపు. అదీ అర్థం కాకపోతే ఎనిమిదేసి చింతగింజలు ఏడు వరసల్లో పేర్పించండి. అర్థం లేకుండా గుర్తుంచుకున్నది లెక్క మారగానే పనికిరాదు.

జవాబు దొరికాక అదే ప్రశ్న వెంటనే వేయకండి. వేరేవి మూడు నాలుగు అడిగి, అప్పుడు మళ్లీ దానికి రండి.