కుర్చీలాట

డిసెంబర్ 3 వచ్చిందంటే చాలు, మన యంత్రాంగానికి వికలాంగుల మీద ప్రేమ పొంగుకొస్తుంది. టెంటు వేస్తారు. ఫ్లెక్సీ కడతారు. దాని మీద ఎవరి ఫొటోలుంటాయో మీకు తెలుసు, వికలాంగులవి మాత్రం కాదు. చూపు లేని పిల్లల్ని పొద్దున్నే తెచ్చి కూర్చోబెడతారు. పెద్దసారు పదకొండుకు దిగుతారు. తర్వాత ఆటల పోటీలు. అందులో కుర్చీలాట తప్పనిసరి. పాట ఆగుతుంది, కుర్చీ ఒకటి తగ్గుతుంది, ఒకరు బయటికి. చప్పట్లు! శాలువా, స్టీలు డబ్బా, గ్రూపు ఫొటో. మళ్లీ వచ్చే ఏడు కలుద్దాం.

మిగతా 364 రోజులూ ఆడించేది కూడా కుర్చీలాటే. పాట ఉండదు, అంతే తేడా.

ఆ ఆట రూల్సు వినండి. 1995 చట్టంలోనే ప్రభుత్వ కొలువుల్లో వికలాంగులకు 3 శాతం అన్నారు. అందులో ఒక శాతం చూపు లేనివాళ్లకు, మసక చూపు వాళ్లకు. ఆ శాతం దేని మీద కట్టాలి? మొత్తం ఖాళీల మీదనా, వాళ్లు చేయగలరని సార్లు ఏరిపెట్టిన నాలుగు పోస్టుల మీదనా? ఈ ఒకటో ఎక్కం తేలడానికి అంధుల జాతీయ సమాఖ్య సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. మొత్తం ఖాళీల మీదే కట్టండి మహాప్రభో అని 2013 అక్టోబరులో తీర్పొచ్చింది. పద్దెనిమిదేళ్లు! చట్టం వచ్చిన ఏడు పుట్టిన పిల్లాడికి ఓటు హక్కు వచ్చేసింది.

2016లో కొత్త చట్టం. 3 శాతం 4 అయింది. చూపు వాటా మాత్రం ఆ ఒక్కటే. పైగా 34వ సెక్షన్లో ఒక చక్కని కిటికీ పెట్టారు. తగిన అభ్యర్థి దొరక్కపోతే ఖాళీని వచ్చే ఏడాదికి జరపొచ్చు. అప్పుడూ దొరక్కపోతే వేరే వైకల్యం ఉన్నవాళ్లకు మార్చొచ్చు. వాళ్లూ లేరా? ఏ వైకల్యమూ లేనివాళ్లతో నింపెయ్యొచ్చు. 'దొరకలేదు' అని రాయాల్సింది ఎవరు? వెతకాల్సినవాడే! రెండేళ్లు ఓపిక పడితే చాలు, కుర్చీ చట్టబద్ధంగా మాయం.

మన కామారెడ్డి జిల్లా బిచ్కుందలో ఒక కుర్రాడున్నాడనుకోండి. చూపు లేదు, డిగ్రీ ఉంది. మద్నూరు దాటితే మహారాష్ట్రే కాబట్టి తెలుగుతో పాటు మరాఠీ, హిందీ గలగలా వచ్చు. ముందుగా తనకు చూపు లేదని సర్కారుకు రుజువు చేసుకోవాలి. బస్సు పట్టుకుని బాన్సువాడ, ఇంకో బస్సు పట్టుకుని కామారెడ్డి, వైకల్య పరీక్షల క్యూలో నిలబడాలి. సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఇక నోటిఫికేషన్. అది కాగితాన్ని ఫొటో తీసి పెట్టిన పీడీఎఫ్. ఫోన్లో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అక్కడ అక్షరమే కనపడదు, అది మౌనం. దరఖాస్తు తనే నింపుకుందామంటే క్యాప్చా. నువ్వు మనిషివేనని రుజువు చేసుకో, వంకర అక్షరాలు చూసి కొట్టు అంటుంది. చూపు లేనివాడు మనిషి కాదని తేల్చే యంత్రమన్నమాట! అన్నీ దాటి ఏదో ఒక ఆఫీసు గుమ్మం తొక్కాడనుకోండి. సంభాషణ ఇలా ఉంటుంది.

"ఫైలెట్ల చదువుతవయ్యా?"

"కంప్యూటర్ చదివి వినిపిస్తది సార్. ఎన్‌వీడీఏ అని సాఫ్ట్‌వేర్ ఉన్నది."

"మా దగ్గర లేదు గద."

"ఫ్రీగ దొరుకుతది సార్."

"ఏమోనయ్యా, బడ్జెట్ లేదు."

నవ్వొచ్చిందా? నాకు కడుపు మండింది. ఎన్‌వీడీఏను ఆస్ట్రేలియాలో చూపు లేని కుర్రాళ్లిద్దరు 2006లో మొదలుపెట్టారు. అప్పటికి దొరికే సాఫ్ట్‌వేర్ల ధర కంప్యూటర్ కంటే ఎక్కువ పలికే రోజులవి. తమలాంటి వాళ్లందరికీ ఉచితంగా ఇచ్చేశారు. తెలుగు కూడా చదువుతుంది. మరి మన ఆఫీసు కాగితం ఎందుకు చదవదు? ఎందుకంటే మన టైపిస్టు గారు ఇంకా అను ఫాంట్లలోనే కొడుతున్నారు. తెర మీద 'ఉత్తర్వులు' అని కనిపించే మాట లోపల ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కలగాపులగం. చెవిలో పడేది 'ఉత్తర్వులు' కాదు, ఏదో మంత్రగాడు ఉచ్చాటన చేస్తున్నట్టుంటుంది. అదే కాగితాన్ని యూనికోడ్‌లో కొడితే గడగడా చదివేస్తుంది. ఖర్చెంత? సున్నా. కావాల్సిందేమిటి? ఒక టైపిస్టు అలవాటు మారడం. ఒక పాత ఫాంటు కోసం ఒక మనిషి బతుకు బయట నిలబెట్టే దేశం మనది!

'ప్రభుత్వం గుడ్డిది' అని రాయబోయి ఆగాను. మా రాతగాళ్లకు ఇదొక జబ్బు. ఎవరిని తిట్టాలన్నా గుడ్డి, కుంటి, చెవిటి అని మొదలుపెడతాం. అసలు ప్రభుత్వానికి చూపుకేం తక్కువ? ఓటరు లిస్టు ఎంత చిన్న ఫాంటులో ఉన్నా చదవగలదు. చూపు లేనివాళ్లను దాంతో పోల్చి అవమానించడమెందుకు?

మాటలంటే గుర్తొచ్చింది. 2015 చివర్లో ప్రధాని గారు 'దివ్యాంగులు' అనమన్నారు. ఏడాది తిరక్కుండానే కేంద్రంలో శాఖ పేరే మారిపోయింది. బోర్డు మార్చడానికి ఇంత చురుకా! దివ్యత్వం ఇచ్చారు, జీతం అడిగితే దేవుళ్లకు జీతమేమిటన్నట్టు చూస్తారు.

ఈ దేశంలో చూపు లేనివాళ్లకు ఏళ్ల తరబడి నేర్పిన పనుల్లో ఒకటి ఆఫీసు కుర్చీలకు కేను అల్లడం. అల్లమన్నారు, కూర్చోమనలేదు.

కూర్చుంటే ఏమవుతుందట? 2024 జూలైలో ట్రైనీ ఐఏఎస్ పూజా ఖేడ్కర్ వైకల్య సర్టిఫికెట్ల మీద ఆరోపణలతో దేశమంతా గోల. ఆ వేడిలో మన సీనియర్ ఐఏఎస్ అధికారిణి స్మితా సభర్వాల్ ఎక్స్‌లో ఒక సందేహం వెలిబుచ్చారు. విమానం నడపడానికి వికలాంగుడిని పెట్టుకుంటారా, వికలాంగుడైన సర్జన్‌ను నమ్ముతారా, ఫీల్డులో తిరగాల్సిన ఈ సర్వీసుకు ఆ కోటా ఎందుకని. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టే తెలివి! మేడమ్, కలెక్టర్లు రోజూ ఎన్ని విమానాలు నడుపుతారు? ఫీల్డంటారా, కట్టా సింహాచలం గారికి చూపు లేదు. సివిల్స్‌లో నెగ్గి ఐఏఎస్ అయ్యారు. రంపచోడవరం ఐటీడీఏ ప్రాజెక్టు అధికారిగా ఏజెన్సీ కొండల్లో పనిచేశారు. అంతకన్నా ఫీల్డు ఎక్కడుంది?

కోర్టులేం తక్కువ తిన్లేదు. తరతరాలుగా కళ్లకు గంతలు కట్టుకున్న న్యాయదేవతకు దండం పెట్టినవాళ్లే, చూపు లేనివాడు జడ్జీ కాకూడదని మధ్యప్రదేశ్‌లో రూలు రాసుకున్నారు. 2025 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దేవతకు అర్హతైనది మనిషికి అనర్హత ఎట్లా అయింది?

'శ్రీకాంత్ బొల్లా లేడా?' అంటారు. ఉన్నాడు. మచిలీపట్నం పక్క పల్లె పిల్లాడు, చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్సు ఇవ్వమంటే కుదరదన్నారు, కోర్టుకెక్కి సాధించుకున్నాడు. ఐఐటీ కోచింగు వాళ్లు చేర్చుకోలేదు, అమెరికాలో ఎంఐటీ చేర్చుకుంది. తిరిగొచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ పెట్టి తనలాంటి వాళ్లకు పనిచ్చాడు. 2024లో సినిమా వచ్చింది. థియేటర్లో ఏడ్చాం, ఈలలేశాం. సోమవారం ఆఫీసుకొచ్చి అదే నోటితో 'ఫైలెట్ల చదువుతవయ్యా' అన్నాం. ఒక్కడు గోడ దూకితే గోడ మంచిదని అర్థమా?

ఇక మసక చూపు వాళ్ల గోస ఎవరికి పట్టింది? వైకల్యం నలభై శాతం గీతను అందుకోకపోతే రిజర్వేషన్ లేదు. అందుకుంటే 'బాగానే నడుస్తున్నవ్ గద, నాటకాలా?' అని గుసగుస. వాళ్లకు కావాల్సింది అక్షరం పెద్దది చేసుకునే వీలు, మెట్ల అంచుకు ఒక పసుపుపచ్చ గీత. పెయింటు డబ్బా ఖరీదు.

ప్రైవేటు సంగతి అడక్కండి. ఐదు శాతం వికలాంగుల్ని పెట్టుకుంటే ప్రోత్సాహకాలిస్తామని చట్టంలో ఉంది. 'ఆర్థిక స్తోమతకు లోబడి' అన్న తోక కూడా ఉంది. తోకే కుక్కను ఆడిస్తోంది.

పింఛన్ ఇస్తున్నాం కదా అంటారు. ఇస్తున్నారు, తెలంగాణలో నెలకు 4,016. పెళ్లి చదివింపుల్లా ఆ పదహారొకటి! 3,016ను 4,016 చేసింది పాత సర్కారువాళ్లు, ఎన్నికల ఏడాదిలోనే. ఆరు వేలు చేస్తామని గెలిచింది కొత్తవాళ్లు. గద్దెనెక్కి రెండేళ్లు నిండిననాటికీ అంకె కదల్లేదు. ఆంధ్రలో 2024 జూలై నుంచి ఆరు వేలు అందుతోంది. అయినా నాకు తెలియక అడుగుతాను, పని చేయగలిగినవాడికి పింఛన్ ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టడం దయా, కుర్చీ కాపాడుకునే ఎత్తా?

ఇంకో సెక్షన్ ఉంది, 22వది. ఏ ఆఫీసైనా తన దగ్గర ఎంతమంది వికలాంగులు ఏ పనిలో ఉన్నారో, వాళ్లకు ఏ సౌకర్యాలిచ్చారో రికార్డు ఉంచాలి. మొదటిసారి చట్టం మీరితే పది వేల దాకా జరిమానా. డిసెంబర్ 3 టెంటు బిల్లు అంతకంటే ఎక్కువే అయ్యుంటుంది. కాబట్టి భయంతో ఎవరూ కదలరు. అడిగితేనే కదులుతారు. ఆ రికార్డు నకలు కావాలని ఒక తెల్ల కాగితం మీద రాసివ్వండి. సమాచార హక్కు కింద మండల ఆఫీసులో ఫీజు 5 రూపాయలు. కామారెడ్డి కలెక్టరేట్లో 10.