ఊగే బండి, వంకర దోశ

సాయంత్రం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏ టిఫిన్ వ్యాను దగ్గరైనా ఓ పది నిమిషాలు నిలబడండి. లోపల వంటవాడు అటు అడుగు వేస్తే వ్యాను అటు ఒరుగుతుంది, ఇటు వేస్తే ఇటు. పెనం మీద పోసిన పిండి గుండ్రంగా తిరగదు. ఒక పక్కకి జారి అక్కడ మందంగా, ఇవతల కాగితంలా తయారవుతుంది. మందమైన చోట పచ్చి, పల్చటి చోట మాడు. సాంబారు గిన్నె అంచు దాటి కారుతూనే ఉంటుంది. మరుగుతున్న నూనె మూకుడు కూడా ఆ వ్యానులోనే ఉంది కదా అనుకుంటే నాకు ఆకలి చచ్చిపోతుంది.

మా రోజుల్లో బండి కదిలేది కాదు. నేను ఆర్టీసీ గ్యారేజీలో కమాన్ పట్టీల కింద పడుకుని జుట్టు నెరిపించుకున్నవాణ్ణి. ఏది ఎందుకు ఊగుతుందో ఒకరు చెప్పక్కర్లేదు.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దేవి, సుదర్శన్, సంధ్య సినిమా హాళ్లు ఫస్ట్ షో వదిలే వేళకి రోడ్డు పొడుగునా తోపుడుబళ్లు సిద్ధంగా ఉండేవి. కర్ర చట్రం, నాలుగు సైకిల్ చక్రాలు, అంతే. స్ప్రింగే లేని బండికి కిందామీదా ఊపు ఎక్కడినుంచి వస్తుంది? ఊగితే పక్కకి ఊగాలి. దానికీ వాళ్ల దగ్గర మందు ఉండేది. చిక్కడపల్లిలో మిర్చిబజ్జీలు వేసే ఒకాయన బండి నిలబెట్టే తీరు చూడటానికే నేను ముందుగా వెళ్లేవాణ్ణి. ముందు చక్రాలకి అటొకటి ఇటొకటి ఇటుకలు. తర్వాత నాలుగు మూలలా సరుగుడు పోట్లు. అవి కావలసిన దానికంటే రెండంగుళాలు పొడుగ్గా కోయించుకునేవాడు. పైకొన చట్రానికి ఆనించి, కింది కొనని ఏటవాలుగా బయటికి పెట్టి, మడమతో ఒక్క తన్ను. అది మట్టిలోకి కరుచుకునేది. ఆ తర్వాత మూకుట్లో గరిటెడు నూనె పోసి చూసేవాడు. నూనె మధ్యలో నిలిస్తే సరే. పక్కకి పారిందా, ఖాళీ చార్మినార్ పెట్టె మడిచి పోటు తల మీద దోపేవాడు. ఆ సిగరెట్లు మన పక్కనున్న వీఎస్టీ ఫ్యాక్టరీలో తయారైనవే. బండి బతుకంతా ఆ గల్లీల్లోనే తీరిపోయేది.

ఇప్పుడు అన్నీ చోటా హాథీలు, అదే టాటా ఏస్‌లు. 2005లో టాటా ఏస్ వచ్చింది, దాని వెనకే ఈ వ్యాను హోటళ్లూ వచ్చాయి. 12 అంగుళాల చిన్న చక్రాలు, 750 కిలోల సరుకు మోయడానికని బిగించిన పట్టీలు. బండి పరిగెత్తేటప్పుడు గుంతల దెబ్బ మింగడానికి పెట్టిన స్ప్రింగు, నిలబెట్టినంత మాత్రాన పని మానేస్తుందా? దాని మీద టైర్లలో గాలి. పైన రేకు గది, గ్యాసు సిలిండర్లు, నీళ్ల డ్రమ్ము, ఇద్దరు మనుషులు. ఊగక ఏం చేస్తుంది?

మా వీధి చివర వ్యాను కుర్రాడికి ఇదే చెప్పాను. ‘జాకీలు కొన్నా కదా అంకుల్’ అన్నాడు. కొన్నాడు, రాణీగంజ్ వెళ్లి నాలుగు హైడ్రాలిక్ బాటిల్ జాకీలు. ఆ జాకీ టైరు మార్చేంతసేపు మోయడానికి. గంటల తరబడి బరువు పెడితే లోపలి సీలు దగ్గర నూనె కొద్దికొద్దిగా జారి అది దిగిపోతుంది. ఆరింటికి తిన్నగా ఉన్న వ్యాను తొమ్మిదింటికి నాలా ఒక భుజం దించేస్తుంది. స్క్రూ జాకీ కొంటే దిగదు, కానీ దాన్ని చేత్తో తిప్పాలి, చెయ్యి నొప్పి పుడుతుంది, కాబట్టి కొనరు. పైగా ఆ జాకీలని తీసుకెళ్లి ఫుట్‌పాత్ టైలు మీద పెట్టాడు. ఒక టైలు పగిలింది, పాదం దిగబడింది. కింద రెండు మందపాటి చెక్కపలకలు, ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేస్తే బరువు పరుచుకుంటుంది. ఇటుక వేస్తానన్నాడు. ఇటుక చక్రానికి అడ్డుగా సరే, జాకీ కింద పెడితే పొడైపోతుంది.

ఇంకొకటి. ఊపు ఆగలేదని చక్రాలు గాల్లోకి లేచేదాకా జాకీలు ఎత్తాడు. ఛాసిస్ మెలిపడి షట్టరు పట్టేసింది. ఒరే అబ్బాయీ, బరువు చక్రాల మీదే ఉండాలి, జాకీ కేవలం ఒత్తుకుని నిలబడాలి. బండి తిన్నగా రావాలంటే పల్లంగా ఉన్న చక్రాన్ని ముందే పలక మీదికి ఎక్కించి, హ్యాండ్‌బ్రేకు లాగి, అన్ని చక్రాలకీ అడ్డు పెట్టి, రసమట్టం చూసుకుని, ఆఖర్న జాకీలు బిగించాలి. వీడు అన్నీ తలకిందులుగా చేస్తాడు.

అమెరికాలో మా అన్న కొడుకు ట్రెయిలరు ఇల్లు అద్దెకు తీసుకుని అడవికి వెళ్లొచ్చాడు. వాళ్లకీ ఇదే గోల. ఆ ట్రెయిలరు మూలల్లో ఉండే జాకీలు ఊపు ఆపడానికే తప్ప బండిని ఎత్తడానికి కాదని తయారుచేసేవాళ్లే చెబుతారట. అవి బిగించినా పిల్లలు లోపల నడిస్తే ఇల్లంతా ఊగిందట. పక్క ట్రెయిలరువాళ్లు జాకీల మధ్య ఏటవాలు కడ్డీలు అడ్డదిడ్డంగా బిగించి హాయిగా పడుకున్నారట. చూశారా? నిలువు కాలు కిందికి నొక్కే బరువుని మోస్తుంది, పక్కకి తోసే బలానికి వంగిపోతుంది. ఏటవాలు కమ్మీ ఉంటేనే అది ఆగేది. మన బజ్జీలాయన సరుగుడు పోటుతో చేసిందే వాళ్లు డాలర్లు పోసి కొంటున్నారు.

ఈ వ్యాను చుట్టూ నిలబడి తినేవాళ్లెవరు? సెంట్రల్ లైబ్రరీ నుంచి, కోచింగ్ సెంటర్ల నుంచి వచ్చే పిల్లలు. వాళ్లలో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పరీక్షకి చదివే సివిల్ ఇంజనీర్లున్నారు. పగలంతా ట్రస్సు లెక్కలు, రాత్రి ఊగే బండి దగ్గర వంకర దోశ. ఎదురుగా మేడ మీద సెల్ టవరు ఒళ్లంతా ఏటవాలు కమ్మీలే. ఒక్కడూ తల ఎత్తడు. ఎత్తితే ఫోనులో సిగ్నల్ ఉందా అని చూడటానికే.

సణిగి సణిగి వెనకవైపు రెండు జాకీల మధ్య ఇనప పైపులు ఏటవాలుగా వెల్డింగు చేయించాను. ఊపు సగానికి సగం తగ్గింది. దోశ ధర మాత్రం పది రూపాయలు పెరిగింది. అదేంట్రా అంటే వెల్డింగు ఖర్చు అంటాడు. సలహా నాది, ఖర్చూ నాదేనా?

ముందువైపు ఎప్పుడు వేయిస్తావని నిన్న అడిగాను. ‘గ్రూప్స్ ఉద్యోగాల నోటిఫికేషన్ పడనీ అంకుల్, గిరాకీ పెరుగుతుంది, అప్పుడు వేయిస్తా’ అన్నాడు.