సున్నా టికెట్టు

ఖజానా శాఖలో 36 ఏళ్ళు పనిచేశాను. పనిచేశాను అంటే, ఇతరుల బిల్లులు వెనక్కి పంపాను. సంతకం కింద తేదీ లేదనో, స్టాంపు సగమే పడిందనో, మొత్తం అంకెల్లో ఉంది గానీ అక్షరాల్లో లేదనో ఎర్రసిరాతో ఆబ్జెక్షన్ రాసి తిప్పికొట్టేవాణ్ణి. అందులో ఒక తృప్తి ఉండేది. ఇంట్లో కూడా అదే వరస. కిరాణా చీటీలో ‘పోపు సామాను’ అని ఉంటే, విడివిడిగా రాయమని మా ఆవిడకి తిరిగిచ్చిన ఘనుణ్ణి.

నేను పుట్టింది 1963 జూన్‌లో. లెక్క ప్రకారం 58 నిండగానే, అంటే 2021లో ఇంటికొచ్చేయాలి. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ ద్రాక్షారామం చూడాలని అడిగింది. రాజమండ్రి నుంచి ఎంత, రెండు గంటల దారి. “పక్కనే కదా, ఎప్పుడైనా వెళ్ళొచ్చు” అన్నాను. పక్కనున్న ఊరికి ఉన్న శాపమే అది. తర్వాత పిల్లలు, వాళ్ళ చదువులు, మార్చి నెలాఖరు బిల్లుల తొక్కిసలాట. “రిటైరవనీవే, కారులో తిప్పుతా” అనడం మొదలుపెట్టాను. 2014లో ప్రభుత్వం రిటైర్మెంటు వయసు 60కి పెంచింది. 2022లో 62 చేసింది. రెండుసార్లూ ఆఫీసులో స్వీట్లు పంచి, ఇంటికీ ఒక పెట్టె తెచ్చాను. రెండుసార్లూ ఆవిడ తన ముక్క తినకుండా డబ్బాలో పెట్టి మూతేసింది. అప్పుడు నాకది కనపడలేదు. ఇప్పుడు కనపడుతోంది.

2025 జూన్ 30న దండలు, శాలువా, ఉపన్యాసాలు అన్నీ అయ్యాయి. మైకు చేతికిచ్చేసరికి నాకు ఊపొచ్చింది. “ఇన్నాళ్ళూ ప్రభుత్వానికి సేవ చేశాను, ఇక మా ఆవిడకి చేస్తాను, ఊళ్ళన్నీ తిప్పుతాను” అన్నాను. చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఆవిడ నా శాలువా మడతలు సరిచేస్తోంది.

ఇక నా మూర్ఖత్వం అసలు సిసలుగా మొదలైంది.

పెన్షన్‌లో 40 శాతం కమ్యూట్ చేసుకున్నాను. నా బల్ల ముందుకొచ్చిన వందలాది మంది పెద్దవాళ్ళకి నేనే చెప్పాను: “మాస్టారూ, అది మీ రాబోయే కాలం డబ్బు, ఒకేసారి తీసుకుంటున్నారు. ఆ కోత 15 ఏళ్ళుంటుంది. కారూ గీరూ కొనకండి.” ఆ కోసిన భాగం నాకు తిరిగొచ్చేసరికి 77 ఏళ్ళొస్తాయి. ఇదంతా తెలిసీ కారు కొన్నాను. పైగా దానికొక సాకు దొరికింది. సెప్టెంబరు 22న చిన్నకార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అది సరిగ్గా నవరాత్రుల మొదటి రోజు. పది శాతం మిగిల్చానని మురిసిపోయాను. మిగతా తొంభై ఖర్చుపెట్టానని ఎవరూ గుర్తుచేయలేదు. మా అబ్బాయి మాత్రం ఫోన్లో “ఎందుకు నాన్నా, కావలసినప్పుడు క్యాబ్ పిలుచుకోవచ్చుగా” అన్నాడు. నీకేం తెలుసురా అన్నాను.

డ్రైవింగ్ అప్పటికే మొదలెట్టాను. నలభై దాటినవాడు డాక్టరు సర్టిఫికెట్ పెట్టాలి, పెట్టాను. ఎల్లెల్లార్ వచ్చింది. నేర్పే కుర్రాడికి మా అబ్బాయి వయసుండదు. “బాబాయ్ గారూ, క్లచ్చు మీద నిలబడిపోయారండీ, కాలు తియ్యండి” అని రోజూ అనేవాడు. టెస్టులో ఎనిమిది వెయ్యమన్నారు, నేను మూడు వేసి ఆగిపోయాను. రెండోసారి గట్టెక్కాను. 62 ఏళ్ళవాడికి లైసెన్సు ఐదేళ్ళకే ఇస్తారు. ఆ కార్డు పట్టుకుని ఇంటికొచ్చిన రోజు గర్వపడినంతగా నా మొదటి జీతం రోజున కూడా గర్వపడలేదు.

కారు వచ్చేస్తోంది సరే, పెట్టడమెక్కడ? మా సందులోంచి గేటు మలుపు తిరగాలంటే పారిజాతం అడ్డం. ఇరవయ్యేళ్ళ చెట్టు. తెల్లారేసరికి గచ్చు మీద తెల్లగా రాలేది. ఆవిడ గుడికెళ్ళిన పూట మనిషిని పెట్టి కొట్టించాను. వచ్చాక ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆవిడ మొద్దుకేసి కాసేపు చూసి, “ముందే చెబితే ఒక కొమ్మ ఉంచుకునేదాన్ని కదండీ” అంది. అంతే. లోపలికెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టింది. ఆ మాట నేను ఆబ్జెక్షన్ కింద జమ వేసుకోలేదు, ఎర్రసిరా లేదు కదా.

ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీశక్తి పేరుతో ఉచిత ప్రయాణం వచ్చిన సంగతి మీకు తెలిసిందే. నాకూ తెలుసు. పార్కు బెంచీ మీద నలుగురు పెన్షనర్లం కూర్చుని, ఈ ఉచితాలు రాష్ట్రాన్ని ఎక్కడికి తీసుకుపోతాయా అని గంటల తరబడి లెక్కలు కట్టేవాళ్ళం. పెండింగ్ డీఏ ఎప్పుడిస్తారన్నది తర్వాతి అంశం. ఆ రెంటికీ పొత్తు కుదరదని మాలో ఒక్కడికీ తోచలేదు. ఇంట్లో మా ఆవిడ వారానికి రెండు మూడు రోజులు “గుడికెళ్ళొస్తానండీ, అన్నం మూతేసి పెట్టాను” అని వెళ్ళేది. వెళ్ళి సాయంత్రానికి వచ్చేది. ఏ గుడి అని నేనడగలేదు. ఆడవాళ్ళకి గుళ్ళో పారాయణాలవీ ఉంటాయి కదా అనుకున్నాను. నా ధ్యాసంతా క్లచ్చు మీద ఉంది.

కార్తీకం వచ్చింది. మొదటి సోమవారమే ద్రాక్షారామం అని ప్రకటించాను. ఆ సోమవారం మొంథా తుపాను హెచ్చరికలు, మర్నాడు రాత్రి తీరం దాటింది. రెండో సోమవారం, నవంబరు 3న, బయల్దేరాం. మల్లె రంగు కారు, డాష్‌బోర్డు మీద వినాయకుడు, వెనక అద్దం మీద డ్రైవింగ్ కుర్రాడు అంటించిన ‘ఎల్’ అక్షరం. తీసేద్దామంటే ఆవిడ “ఉండనివ్వండి, దారిలో వాళ్ళకి తెలుస్తుంది” అంది.

కడియం, ద్వారపూడి బాగానే గడిచాయి. బాగానే అంటే, నా వెనక పది బళ్ళు హారన్లు కొట్టాయి, నేను దాన్ని కార్తీక సోమవారం రద్దీ అనుకున్నాను. మండపేట దాటాక ఒక కాలవ పక్క రోడ్డు మీద ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు వచ్చింది. ఒకరు వెనక్కి వెళ్ళాలి. నాకు వెనక్కి వెళ్ళడం అప్పటికి గ్రౌండులో ఇటుకల మధ్యే వచ్చు. రెండుసార్లు ఇంజను ఆగింది. మూడోసారి కారు కాలవ కేసి ఒరిగినట్టనిపించి బ్రేకు మీద నిలబడిపోయాను. ఈలోగా వెనక పల్లెవెలుగు బస్సు వచ్చి ఆగింది.

బస్సులోంచి ఖాకీ కోటు వేసుకున్న కండక్టరమ్మ దిగింది. నన్ను నాలుగు కడుగుతుందనుకుని అద్దం దించాను. ఆమె నాకేసి చూడలేదు. “అమ్మా, మీరా! పోయిన వారం కనపడలేదేంటా అనుకుంటున్నానండి. తుపానుకి ఇంట్లో ఉండిపోయారా?” అంది.

మా ఆవిడ తలొంచుకుని పళ్ళ బుట్ట సర్దుకుంటోంది.

“ఈ కారు ఎవరిదండీ?”

“మా వారిదే.”

“ఓహో, వీరేనా అండీ!” అని అప్పుడు నాకేసి చూసి, చాలా ఆదరంగా నవ్వింది.

నా గురించి ఆ బస్సులో ఏమేం చెప్పిందో ఇప్పటికీ ఆవిడ చెప్పలేదు. అడిగి చూశాను.

ట్రాక్టరు కుర్రాడే వచ్చి “దిగండి తాతగారూ” అని నా సీట్లో కూర్చున్నాడు. ఒంటిచేత్తో తిప్పి కారుని గట్టు అంచున పెట్టేశాడు. అరవై రెండేళ్ళ జీవితంలో నన్ను తాతగారూ అన్న మొదటివాడు వాడే. ఆ బస్సూ ఆ ట్రాక్టరూ ఎలా తప్పుకున్నాయో చెప్పలేను, కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆవిడ బస్సు మెట్టు మీద ఉంది. “నేను ఇందులో వెళ్తానండీ. మీరు వెనకాలే రండి, దారి తప్పరు” అంది.

రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం దాకా ఆ బస్సు వెనకే నడిపాను. అది ఆగిన ప్రతిచోటా ఆగాను. వెనక కిటికీలోంచి గాజుల చెయ్యి ఒకటి బయటికొచ్చి, మెల్లగా మెల్లగా అని ఊగేది. ఒక స్టాపులో ఒక పెద్దాయన నా వెనక డోరు తీసుకుని కూర్చుని, “రామచంద్రపురం ఎంతండీ?” అన్నాడు. డబ్బులొద్దండి అని దింపాను.

గుడి దగ్గర పరువు నిలబెట్టుకోవాలి కదా. రాత్రి ఫోన్లో చదివినదంతా అప్పజెప్పడం మొదలుపెట్టాను. ఇది పంచారామాల్లో ఒకటి, సామర్లకోటలోలాగే ఇక్కడా గర్భగుడి రెండంతస్తులు, లింగం అంత పొడవు కాబట్టి పై అంతస్తులోంచి అభిషేకం చేస్తారు, మాణిక్యాంబ అమ్మవారిది శక్తిపీఠం అని. ఆవిడ శ్రద్ధగా ఊఁ కొట్టింది. మెట్లెక్కేచోట నేను తప్పుదారి పడితే, “ఇటండీ” అని మోచెయ్యి పట్టుకుని తిప్పింది. దీపాలమ్మే ఆమె అడక్కుండానే ఆవిడకి అరటిడొప్పలో ఒత్తి వేసిచ్చింది. అప్పుడు నోరు మూసుకున్నాను.

ఇంటికొచ్చాక అడిగాను. ఆవిడ పాల లెక్క పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. వెనక పేజీల్లో బస్సు టికెట్లు, తేదీల వరసలో, గుండుసూదులతో గుచ్చి ఉన్నాయి. నేను వోచర్లు గుచ్చే పద్ధతే. మొత్తం 38. పిఠాపురం, సామర్లకోట, అన్నవరం, ద్రాక్షారామం రెండుసార్లు. ర్యాలి పక్కన పెన్సిలుతో ‘ముందు విష్ణువు, వెనక మోహిని, రాయి ఒకటే’ అని రాసుకుంది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం కూడా చూసొచ్చింది. రాజమండ్రిలో పుట్టి పెరిగి నేను దాని గేటు కూడా దాటలేదు. తోడు ఎవరంటే ఎదురింటి టీచరమ్మ, మా వీధిలో పూలమ్మే ఆమె. అన్నిటి కిందా గీత గీసి, మొత్తం వేసింది: రూ. 0. దాని పక్కన, గుండ్రటి అక్షరాల్లో, ‘అక్షరాలా సున్నా రూపాయలు మాత్రమే.’ తేదీ ఉంది. సంతకమూ ఉంది.

రెండుసార్లు తిరగేశాను. ఆబ్జెక్షన్‌కి ఎక్కడా సందు దొరకలేదు.

“నాకెందుకు చెప్పలేదు?” అన్నాను.

“మీరంత సరదాగా డ్రైవింగ్ నేర్చుకుంటున్నారు కదండీ” అంది.

జనవరిలో ఆవిడ హైదరాబాదు వెళ్ళింది, అమ్మాయికి పురుడు. మా అమ్మమ్మల నాడు పిల్లలు పుట్టింటికొచ్చేవాళ్ళు, ఇప్పుడు పుట్టిల్లే సంచీలో కాయం మందు, శొంఠిపొడి సర్దుకుని వెళ్తోంది. చేరిన మూడోరోజు ఫోన్ చేసి, “ఇక్కడ మన ఆధార్ చెల్లదటండీ, టికెట్టు కొట్టారు” అంది. అంత కోపం ఆ గొంతులో ముప్ఫై నాలుగేళ్ళలో వినలేదు. తెలంగాణలో మహాలక్ష్మి ఉచిత ప్రయాణం అక్కడివాళ్ళకే, ఏం చేస్తాం. ఫిబ్రవరిలో మనవరాలు పుట్టింది. నేను రైల్లో వెళ్ళి చూసొచ్చాను. ఆవిడ లేని మూడు నెలల్లో నేను ఫోన్ చేసి అడిగిన ప్రశ్నలన్నీ ఇక్కడ రాయను. ‘ఇంగువ ఏ డబ్బాలో ఉంటుంది’ అన్నది వాటిలో కాస్త గౌరవంగా ఉన్నది. కారు బ్యాటరీ దిగిపోయింది. ఇప్పటికి అది తిరిగింది 812 కిలోమీటర్లు, అందులో సగం డ్రైవింగ్ కుర్రాడు తిప్పినవే.

ఏప్రిల్‌లో ఆవిడ తిరిగొచ్చాక ఇద్దరం బస్సులోనే వెళ్తున్నాం. ఒక టికెట్టు సున్నా, రెండోది నాది. నా టికెట్టు డబ్బులు ఆవిడే తీస్తుంది, చిల్లర ఆవిడ దగ్గరే ఉంటుంది. అంతర్వేది వెళ్ళొచ్చాం. మొన్న కడియం వెళ్ళి వస్తూ ఒక పారిజాతం మొక్క తెచ్చింది, దారంతా ఒళ్ళో పెట్టుకుని, ఆకు నలగకుండా. ఇంటికొచ్చి గేటుకీ కారుకీ మధ్య, పాత మొద్దు ఉన్నచోట, చెప్పుతో నేల మీద గీత గీసింది. కారు మీద అప్పటికే రెండు రోజులుగా మినపవడియాలు ఎండుతున్నాయి. అక్కడ చెట్టు లేస్తే కారు ఇక బయటికి రాదని ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు.

గొయ్యి నేనే తవ్వాను.