ట్యాంకు దగ్గర యోగ్యం, కుళాయి దగ్గర భాగ్యం

మా ఊరి కుళాయి నీళ్లు శుభ్రమైనవే. అనుమానమున్నవాళ్లు మున్సిపల్ ఆఫీసుకెళ్లి ఫైలు చూసుకోవచ్చు. పీహెచ్ ఉండాల్సినంత ఉంది, టీడీఎస్ హద్దు దాటలేదు, మడ్డి లేదు, ఈ-కోలి క్రిమి ఆనవాలే లేదు. అడుగున ‘త్రాగుటకు యోగ్యము’ అని ముద్ర, దాని మీద ఆకుపచ్చ సిరాతో సంతకం. ఇన్ని సుగుణాలున్న నీళ్లు తాగి కూడా వానాకాలం వచ్చేసరికి మా వీధిలో ఇంటికొకరు వాంతులూ విరేచనాలతో మంచం పడుతున్నారంటే, లోపం జనం పేగుల్లోనే ఉండాలి. పేగులకు పరీక్ష పెట్టి అయోగ్యమని ముద్ర కొట్టే అధికారం ఇంకా రాలేదు గనక మా పురపాలక సంఘం పెద్దమనసు చేసుకుని ఊరుకుంటోంది.

ఊరి పేరు చెప్పను. గోదావరి డెల్టాలోని పట్టణాల్లో ఒకటి. పేరు చెబితే చుట్టుపక్కల పట్టణాలవాళ్లు ఆ గౌరవం తమకెందుకు దక్కలేదని అలుగుతారు. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి గోదావరిని మా కాలువల్లోకి మళ్లించాడు. ఆయన నీళ్లిచ్చి వెళ్లాడు, మిగతా సరుకంతా మేం కలుపుకున్నాం. పై ఊరి మురుగు, రొయ్యల చెరువు ఖాళీ చేసిన నీరు, చికెన్ కొట్టు ఈకలు, లారీ కడిగిన జిడ్డు, అర్ధరాత్రి లైట్లార్పుకుని వచ్చే సెప్టిక్ ట్యాంకు బండి దించిపోయేది, అన్నీ కలిసి మా ఊరొచ్చేసరికి కాలువ చిక్కబడుతుంది. మేమూ మా వంతు కలిపి కింది ఊరికి సాగనంపుతాం. ఎగువ వాళ్ల మురుగు దిగువ వాళ్లకు మంచినీరు అనే ఒప్పందాన్ని కులం, మతం, పార్టీ చూడకుండా డెల్టా మొత్తం పాటిస్తోంది. ఇంత ఐకమత్యం మాకు ఇంకో విషయంలో లేదు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి ముందే సమ్మర్ స్టోరేజీ ట్యాంకు నింపుకుంటాం. మళ్లీ కాలువ వదిలేదాకా ఆ నీరు ఎండకు పచ్చబడుతూ, నాచు కడుతూ మాకోసం కాచుకుని ఉంటుంది.

ఫిల్టర్ బెడ్ల దాకా వచ్చాక మాత్రం నీటికి కాస్త న్యాయమే జరుగుతుందని ఒప్పుకోవాలి. మా అమ్మమ్మలు చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపి నీళ్లు తేర్చినట్టే, ఇక్కడ పటిక వేసి మడ్డి దించుతారు. ఇసుకలోంచి వడగట్టి, బ్లీచింగ్ కలుపుతారు. బ్లీచింగ్ కొత్త బస్తాలో దాదాపు మూడో వంతు క్లోరిన్ ఉంటుంది. మూతి విప్పి చెమ్మగదిలో పడేసిన బస్తాలో కొన్నాళ్లకు సున్నం మిగులుతుంది. మాకు ఏ బస్తా ఎప్పుడొచ్చిందో స్టాకు రిజిస్టరు చెబుతుంది, అందులో ఏం మిగిలిందో అడిగేవాడు లేడు. అయినా ట్యాంకు దగ్గర పట్టిన నీళ్లు పరీక్షలో పాసవుతాయి. శాంపిలు పట్టేది అక్కడే. అదీ బ్లీచింగ్ కలిపిన ఘడియలు చూసుకుని. పరీక్షకు ముందు రాత్రి పిల్లాడిచేత పుస్తకం బట్టీ పట్టించి, తెల్లారగానే పరీక్ష రాయించినట్టు పాపం నీటికి కూడా ఒక అవకాశం ఇస్తున్నారు. ల్యాబులో కూర్చున్న ఉద్యోగి అబద్ధం రాయడు. ఆయన ముందుకొచ్చిన సీసాలో నీళ్లు నిజంగానే బాగుంటాయి. ఆ సీసాలో నీళ్లు తాగే భాగ్యం ఊళ్లో ఎవరికీ లేదు, అంతే.

ఎందుకంటే ట్యాంకుకీ మా ఇంటికీ మధ్య ఊరుంది. మా సందులో మెయిన్ పైపు ఒక పక్క, ఇళ్లు ఇంకో పక్క, నడుమ మురిక్కాలవ. ఎవరి కనెక్షనైనా ఆ కాలవలో మునిగే ఇవతలి ఒడ్డు చేరాలి. ఇనపగొట్టం తుప్పుపట్టి చిల్లు పడితే ఫిట్టరొచ్చి పాత సైకిల్ ట్యూబు చీల్చి, చిల్లు మీద బిగించి చుట్టి, బైండింగ్ వైరుతో ముడేసి వెళ్తాడు. ఎదురింటి గొట్టానికి అలాంటి కట్లు పక్కపక్కనే మూడున్నాయి. నడిమి కట్టు ఊడి, ట్యూబు కొస మురుగులో ఊగుతూ ఉంటుంది. దాని మీద ప్లాస్టిక్ కవర్లు పేరుకుని నిలిచాయి కాబట్టి చిల్లు ఎక్కడుందో తెలియాలంటే కర్రతో కదపాలి. కదపడం నా పని కాదని పారిశుద్ధ్య విభాగం, కాలవ నా పని కాదని నీటి విభాగం.

మా పక్కింటి మామ్మగారు మొన్న ఫిట్టర్ని నిలదీశారు.

“ఏరా అబ్బాయ్, నీళ్లిలా నల్లగా కంపు కొడుతున్నాయేమిటి?”

“ఆయ్, మొదట్లో అలాగే వత్తాయండి మామ్మగారూ. రెండు బిందెలొదిలేసి పట్టుకోండి.”

“మొదటి రెండు బిందెల్లో ఉన్నది మూడో బిందెలో ఉండదంటావా?”

“ఉంటే ఉంటదండి, కనపడదు కదండీ!”

మా పట్టణ నీటి సరఫరా విధానాన్ని ఇంత క్లుప్తంగా ఏ ఇంజినీరూ చెప్పలేడు.

ఇందులో మర్మమేమీ లేదు. రోజుకి గంటసేపు నీళ్లొదులుతారు. వదిలినంతసేపూ గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లులోంచి నీళ్లు బయటికి కారతాయి. కట్టేశాక గొట్టం ఖాళీ అవుతుంది. అప్పుడు అదే చిల్లు బయటున్నదాన్ని లోపలికి పీలుస్తుంది. గంట రాజ్యం మున్సిపాలిటీది, మిగతా ఇరవైమూడు గంటలూ మురిక్కాలవది. గొట్టంలో ఎప్పుడూ నీళ్లుంటే ఈ బాధ ఉండదని తెలిసే ఒడిశాలో పూరీ పట్టణం 2021 జులైలో ఇరవైనాలుగు గంటలూ కుళాయి తిప్పి నేరుగా తాగే నీటి సరఫరా మొదలుపెట్టింది. పూరీ మాకు దూరమేం కాదు, రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి ఆ దారిలోనే ఉంటాం. కాకపోతే మన పాలకవర్గాలు విజ్ఞానయాత్రకని అక్కడికెళితే జగన్నాథుడి ప్రసాదం తెస్తాయే తప్ప పైపుల ప్లాను తేవు.

మేం మాత్రం తక్కువ తిన్నామా? కనెక్షనుకి నేరుగా మోటారు బిగించి లాగుతాం. గొట్టంలో నీళ్లున్నాయా మురుగుందా అన్నది మోటారుకి అనవసరం, ఏది అందితే అది లాగుతుంది. మోటారు కొనలేనివాళ్లు ధార సన్నబడిందని కుళాయి కింద గొయ్యి తవ్వి, గొట్టం కోసి, బిందె అందులో దించుతారు. బట్టలుతికిన నీళ్లూ అంట్లు తోమిన నీళ్లూ చేరేది ఆ గోతిలోకే. ఇలా మోటార్లు పెట్టడం నేరమని ఏటా వేసవిలో ఆటోకి మైకు కట్టి ఊరంతా చెప్పిస్తారు. కౌన్సిలర్ గారి సందులో మాత్రం ఆ ప్రకటన సరిగా వినపడదు, ఆయనింటి మోటారు చప్పుడుకి.

ఇక విరేచనాలు ప్రబలినప్పుడు అధికారులు పాటించే మర్యాద ఒకటుంది. మొదటి రోజు కారణం ఆదివారం తిన్న మాంసం. రెండో రోజు పక్కవీధి పెళ్లి భోజనం. మూడో రోజు పానీపూరీ బండి. నాలుగో రోజు ప్రజల్లో పరిశుభ్రతపై అవగాహన లోపం. నీళ్లవరకూ రావడానికి ఆస్పత్రిలో మంచాలు నిండాలి. అప్పుడు ట్యాంకర్లొస్తాయి, ఓఆర్ఎస్ ప్యాకెట్లొస్తాయి, నాయకులొస్తారు. నాయకులు నడిచే దారికి రెండువైపులా బ్లీచింగ్ పొడిని ముగ్గులా పోస్తారు. నీళ్లలో కలవాల్సిన పొడిని రోడ్డు తాగుతుంది. అందుకే మా రోడ్లకు ఇంతవరకూ విరేచనాలు పట్టుకున్న దాఖలా లేదు.

నవ్వాల్సిన విషయం కాదని నాకూ తెలుసు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో తాగునీటిలో మురుగు కలిసి వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు, పదిమందికి పైగా చనిపోయారు. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లోనూ ఇలాగే కలుషితమైన కుళాయి నీళ్లకే ప్రాణాలు పోయాయి. అవి పెద్ద నగరాలు కాబట్టి లెక్క తేలింది. చిన్న పట్టణంలో మనిషి విరేచనాలతో పోతే వయసు మీదపడిందంటారు, లేదా షుగరుందంటారు. నీటి పేరు మరణపత్రంలో ఎక్కదు.

ఇంతకీ ఈ నీళ్లు తాగేదెవరు? కమిషనర్ గారి ఛాంబర్లో క్యాను, కౌన్సిల్ హాల్లో సీసా, ఫిల్టర్ ప్లాంటు ఆపరేటరు టిఫిన్ క్యారియర్ పక్కన కూడా సీసాయే. 2014 అక్టోబర్ 2న ప్రభుత్వమే ఎన్టీఆర్ సుజల స్రవంతి మొదలుపెట్టి రెండు రూపాయలకు ఇరవై లీటర్లిస్తానంది. కుళాయి నీళ్లిచ్చే సర్కారే, ‘అవి వద్దులే, ఇవి కొనుక్కో’ అన్నదన్నమాట. ఇప్పుడు ప్రతి సందు మొగలోనూ ఒక ప్రైవేటు ప్లాంటు, దాని మీద జలపాతం బొమ్మ. మినరల్ వాటర్ అని బోర్డు, అక్కడ జరిగేది మాత్రం ఉన్న మినరల్స్ తీసేయడం. సీలేసి అమ్మే నీటికి ఐఎస్ 14543 అని ప్రమాణం ఉంది. ఆటోలో ఇంటికొచ్చే క్యానుకి ఆ బాధ లేదు, దానికి మూత గట్టిగా పడితే చాలు. అందులో మిగులు క్లోరిన్ ఉండదు కాబట్టి లోపల పచ్చగా పాకుడు కట్టిన క్యానులో పురుగూ పుట్రా హాయిగా పెరగొచ్చు. ఆ క్యానుకి కూడా డబ్బుల్లేనివాళ్లు కుళాయి నీళ్లు తాగుతారు. వాళ్లు కౌన్సిల్ సమావేశానికి రారు.

మిగులు క్లోరిన్ అంటే గుర్తొచ్చింది. మన దేశంలో తాగునీటికి ఐఎస్ 10500 అని ప్రమాణముంది. చివరి ఇంటి కుళాయి దగ్గర పట్టినా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలనీ, వంద మిల్లీలీటర్లలో ఒక్క ఈ-కోలి కూడా కనపడకూడదనీ అది చెబుతుంది. క్లోరిన్ చూడటానికి చిన్న పెట్టె చాలు, చుక్కల మందు వేస్తే నీళ్లు పసుపు తిరుగుతాయి, నిమిషాల్లో తేలిపోతుంది. తిరక్కపోతే వేసిన మందే చాల్లేదనో, దారిలో ఎక్కడో ఏదో కలిసిందనో అర్థం. కానీ మనకు బ్లీచింగ్ వాసన వస్తే ఆఫీసుకి ఫోన్ చేసి తిడతాం, మురుగు వాసన వస్తే రెండు బిందెలొదిలి సర్దుకుంటాం. ఫోన్ల పోరు పడలేక వాళ్లు డోసు తగ్గిస్తారు. ఈ ఒక్క విషయంలో మాత్రం పురపాలక సంఘం ప్రజాభిప్రాయానికి తలవంచుతుంది.

2015లో పట్టణాల కోసమని కేంద్రం నుంచి అమృత్ పథకమొచ్చింది, 2021లో రెండో విడత వచ్చింది. పేరు పెట్టినవాళ్లు ఉద్దండులు. ఈ పేరు మీద ఎన్ని ట్యాంకులు కట్టినా, మురిక్కాలవలో ఉన్న గొట్టాన్ని బయటికి తీయకపోతే కొత్త ట్యాంకు నీళ్లు కూడా పాత చిల్లులోంచే రావాలి. ట్యాంకుకి శిలాఫలకం పెట్టొచ్చు. సందులో గొట్టం మార్చినందుకు శిలాఫలకం ఎక్కడ పెడతారు?

కాబట్టి మీకో మనవి. ఆరునెలలకోసారి కుళాయి పన్నుకని బిల్ కలెక్టర్ వస్తాడు. రసీదు తీసుకునే ముందు ఒకటే అడగండి: “మా సందు చివరి కుళాయి దగ్గర శాంపిలు ఎప్పుడు పట్టారండీ? క్లోరిన్ ఎంతొచ్చింది?” తెలీదంటే అదే ప్రశ్న సమాచార హక్కు దరఖాస్తులో రాసి ఆఫీసులో ఇవ్వండి, ముప్పై రోజుల్లో జవాబు చెప్పాలి. ఈలోగా మీ కనెక్షనుకున్న మోటారు విప్పేయండి. నీళ్లు కాచి తాగండి.