చెమ్మ

సాలూరులో పాత లారీని కొత్తదిగా చూపించే పనికి ఏనాడూ కొదవ లేదు. లారీల సంఖ్యలో విజయవాడ తర్వాత మాదేనని ఊళ్లో గొప్పగా చెప్పుకుంటారు. గీకుడు, పుట్టీ, ప్రైమరు, పైన ఎనామిలు పడ్డాయంటే ఫిట్‌నెస్‌కి వెళ్లే బండి పెళ్లికొడుకులా షెడ్డులోంచి బయటికొస్తుంది. ఆ పనిలోనే తల నెరిసిన ఓ పెయింటరుకి ఈమధ్య తిరగేసిన బేరం తగిలింది. కొత్తదాన్ని పాతదిగా చెయ్యాలి.

అడిగింది సియాటిల్‌లో ఉంటున్న ఈ ఊరబ్బాయే. ఇంటి అడుగు గదిలో బుల్లి రైలు లైను వేసుకున్నాడు, అంతా అసలులో 87వ వంతు. మన బొబ్బిలి-సాలూరు లైనే అది. చిన్నప్పుడు తనెక్కిన రైలుబస్సు, స్టేషను, చెట్లు అన్నీ కుదిరాయి. స్టేషను దగ్గరి తమ పెంకుటిల్లు మాత్రం ఇక్కడి చేత్తోనే తయారవ్వాలన్నాడు. కప్పు ఎత్తితే లోపలి గదులు కనబడాలట.

"కొత్తగా ఉండకూడదండీ. ఇప్పుడెలా ఉందో అలాగే. ఒక్క మరక కూడా పోకూడదు."

40,000కి బేరం తెగింది.

ఆ ఇంట్లో వాళ్లమ్మ ఒక్కర్తీ ఉంటుంది. పెయింటరు కొలతలకి వెళ్లేసరికి పెంకు సర్దించడానికి మనిషిని పిలిపించి బేరమాడుతోంది. వానలు దగ్గరపడ్డాయి మరి. సంగతి తెలిసి కొడుకు ఫోనులోనే ఆపించేశాడు. "అమ్మా, ఇప్పుడు ముట్టుకోకు. కొత్త పెంకు పడితే లుక్కు పోతుంది. బొమ్మ అయ్యాక చూద్దాంలే."

"ఆడికి సరదా నాయనా" అని ఆవిడ పనివాణ్ణి పంపేసింది.

పదిహేనడుగుల గోడ రెండంగుళాలకి దిగింది. తుప్పు ఎక్కడ పుడుతుందో ముప్ఫై ఏళ్లు గీకినవాడికి ఒకరు చెప్పాలా? చూరు రేకు అంచున మొదలెట్టాడు. గోడకి ముందు మట్టిరంగు వేసి, ఆరాక కాస్త తడిచేసి, ఉప్పు రవ్వలు చల్లి, వాటిమీద సున్నపు తెలుపు కొట్టాడు. అదీ ఆరాక బొటనవేలితో ఉప్పు రాల్చేస్తే అచ్చం పెచ్చులూడిన గోడే. స్పిరిట్‌లో పల్చన చేసిన నల్లరంగు పెంకుల సందుల్లోకి పాకి ఏళ్లనాటి మసైంది. దాదాపు పొడిగా ఉన్న కుంచెతో అంచులు తుడిస్తే ఎండకి వెలిసిన రంగొచ్చింది. నాచుకి పచ్చ సుద్దపొడి చాలింది.

తేలనిదల్లా పడమటి గదిలో చెమ్మ మరక. వేసుకొచ్చి పోల్చి చూసినప్పుడల్లా అసలు గోడ మీది మరక ఇంకో జానెడు కిందికి దిగి ఉండేది. మళ్లీ చెరిపి మళ్లీ వేసేవాడు. ఆఖరిసారి వెళ్లేసరికి ఆ గదిలో ఉండాల్సిన మంచం వంటింట్లో ఉంది.

"అమ్మగారూ, ఆ నాలుగు పెంకులూ నేనే సర్దేస్తాను" అన్నాడు, ఉండబట్టలేక.

"నీ పని అవనీ నాయనా. ఇప్పుడు కదిపితే నీకు తేడా వచ్చేస్తాది."

బొమ్మ సముద్రాలు దాటింది. అందిన రోజు అబ్బాయి వీడియో కాల్ చేసేసరికి పెయింటరు ఆ ఇంట్లోనే ఉన్నాడు. బయట ఒకటే వాన.

"అద్భుతమండీ! ముఖ్యంగా ఆ చెమ్మ మరక! వచ్చినవాళ్లందరూ కప్పు ఎత్తి దాన్నే చూస్తున్నారు. గాజుపెట్టె కూడా చేయించా. ఒక్కటే బెంగ. ఇక్కడా ఎప్పుడూ వానలే. ఇంటికి చెమ్మ తగలకుండా ఏం చెయ్యమంటారు?"

పెయింటరు ఏమీ అనకుండా ఫోను ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ చేతిలోని గిన్నె కింద పెట్టి, చేతులు తుడుచుకుని, కొడుకు అడిగింది శ్రద్ధగా విన్నది.

"కింద తపేలా పెట్టుకో నాన్నా. నిండగానే మారుస్తూ ఉండు."