సౌరపథ వ్యాఖ్య: లాల్ దర్వాజా ప్రతి

మూలం

తాత పేర బిల్లు, తమ్ములిద్దరి మిద్దె,
పక్కవాని గోడ, పైన కోతి;
ఎండ మాత్రమొకటి యెదురు లేకయె వచ్చు;
పాతబస్తి సౌరపథము వినుము.

అవతారిక. పాతబస్తీలో మిద్దె మీద సోలార్ పెట్టించదలచిన గృహస్థుకు ఒక పెద్దమనిషి చేసిన హితబోధ ఇది. తాళపత్రాల్లో ఎంత వెతికినా ఈ విషయం మీద పద్యం దొరకనందున మూలాన్ని కూడా టీకాకారుడే రాసుకోవలసి వచ్చింది. మూలంలో లేనిది ముట్టనని ప్రతిన పట్టిన కాళిదాసు వ్యాఖ్యాత మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడే. కాళిదాసు విషయంలో ఆ నియమం చెల్లింది. కరెంటు మీటర్ల విషయంలో చెల్లదు. అసలు సంగతంతా మూలానికి బయటే ఉంటుంది.

ప్రతిపదార్థం. తాత పేర = కీర్తిశేషుడైన పితామహుని నామధేయమున; బిల్లు = నెలనెలా తప్పక వచ్చు కరెంటు చీటీ; తమ్ములు ఇద్దరి = పంపకాలు కాని సోదరులిరువురి; మిద్దె = అందరిదీ గనుక ఏ ఒక్కరిదీ కాని పైకప్పు; పక్కవాని గోడ = నిరుడు లేనిది, ఈ ఏడు ఉన్నది; పైన = సింటెక్స్ ట్యాంకు మూత మీద; కోతి = కోతియే; ఎండ మాత్రము ఒకటి = సూర్యరశ్మి తప్ప మరేదియు కాదని భావము; ఎదురు లేకయె = దరఖాస్తు, సంతకము, జిరాక్సు లేకుండగనే; వచ్చు = తెల్లవారగనే వచ్చును. తక్కినది సుగమము.

వ్యాఖ్య. పద్యానికి ప్రాణం మొదటి పాదంలో ఉంది. కేంద్రం 2024 ఫిబ్రవరిలో కోటి ఇండ్లకని పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000. ఆపైన ఎన్ని ప్యానెళ్ళు పరిచినా మొత్తం 78,000 రూపాయలు దాటదు. బిగింపు పూర్తయి, నెట్ మీటర్ పెట్టి, డిస్కం వారు చూసి సరే అన్నాక ఆ సొమ్ము వినియోగదారుని బ్యాంకు ఖాతాలో పడుతుంది.

వినియోగదారుడెవరని శంక. బిల్లు మీద పేరున్నవాడని సమాధానం. ఆయన గోడ మీద పటంలో ఉన్నాడే అని తిరుగుశంక. అయితే ముందు పేరు మార్పించుకోవాలి. మరణ ధ్రువీకరణ పత్రం, ఇంటి కాగితాలు, తక్కిన వారసులు అభ్యంతరం లేదని చేసే సంతకాలు. తాత మనవళ్ళకు వదిలివెళ్ళిన ఆస్తుల్లో కష్టపడి బదలాయించుకోవలసింది ఈ సర్వీసు నంబరే.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. అదే ఫిబ్రవరిలో రాష్ట్రం గృహజ్యోతి మొదలుపెట్టింది కదా, తెల్ల రేషన్ కార్డున్న ఇంట్లో 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు కదా, ఇక సూర్యునితో పనేమిటి అంటాడు. బలమైన వాదమే. సున్నాలోంచి ఎంత తీసినా సున్నాయే; జీరో బిల్లు ఇంటికి ప్యానెల్ మిగిల్చేది ఏమీ లేదు. అందుకే తెలివైన అన్నదమ్ములు అంతస్తుకొక మీటరు పెట్టించుకుని, ఒక్కొక్కరు 200 లోపల ఊపిరి బిగపట్టుకుని కూర్చుంటారు. ఢిల్లీ పుణ్యం, హైదరాబాదు పుణ్యం ఒకే మిద్దె మీద తలపడితే గెలిచేది హైదరాబాదే, ఎందుకంటే దానికి నిచ్చెనెక్కే పని లేదు.

సిద్ధాంతం వినండి. ప్యానెల్ నిజంగా అక్కరకొచ్చేది మూడు పొయ్యిలకు ఒకే మీటరున్న ఇంటికి. అక్కడ వాడకం 300 దాటుతుంది, దాటిన యూనిట్‌కు 9 రూపాయలు పడుతుంది. మూడు కిలోవాట్ల సోలార్ రోజుకు సుమారు 12 యూనిట్లు ఇస్తుంది గనుక ఆ బిల్లును దాదాపు తుడిచిపెట్టగలదు. కానీ విడగొట్టని ఆ పాత మీటరు ఎవరి పేర ఉంటుంది? తాత పేరే. ఎవరికి ఎండ ఎక్కువ అవసరమో వారి దరఖాస్తే ముందుకు కదలదు. పథకం రాసినవారి కళ్ళ ముందు మెదిలింది బడంగ్‌పేట, తుక్కుగూడ వైపు లేచే కొత్త ఇండ్లేమో: ఒక యజమాని, ఒక మీటరు, ఒక డాబా, ఒక ఈఎంఐ. అక్కడ ఈ పద్యానికి మొదటి పాదంతో పనే లేదు.

మిద్దె విషయం. కిలోవాటుకు నీడ పడని వంద చదరపు అడుగులు కావాలి. మూడింటికి మూడు వందలు. పాతబస్తీ మిద్దె అంత ఖాళీగా ఎప్పుడుంది? సంక్రాంతికి పతంగులవాళ్ళది, వేసవిలో వడియాలది, బోనాల నాడు ఘటం ఊరేగింపు చూడవచ్చిన చుట్టాలది. రాజీమార్గంగా వెండరు ఎత్తు స్ట్రక్చర్ వేస్తానంటాడు: పైన ప్యానెళ్ళు, కింద నులకమంచం. ఎత్తుకు ఖర్చు పెరుగుతుంది, సబ్సిడీ మాత్రం ఒక్క రూపాయి పెరగదు.

పక్కవాని గోడ అన్నచోట కవి జ్యోతిషం ధ్వనిస్తున్నది. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ప్యానెళ్ళను దాదాపు అంతే వాలుతో దక్షిణానికి తిప్పి పెడతారు. జూన్‌లో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికే పోతాడు. దక్షిణపు గోడ ఎంత ఎత్తున్నా అప్పుడు మన మీద నీడ వేయదు. డిసెంబరు మూడో వారానికి అదే సూర్యుడు మధ్యాహ్నం కూడా 49 డిగ్రీల ఎత్తుకు మించడు. అప్పుడు మన మిద్దెకు పది అడుగులు పైకి లేచిన గోడ దాదాపు తొమ్మిది అడుగుల నీడ పరుస్తుంది. వైశాఖంలో కొలతలు తీసుకుపోయిన వెండరుకు మార్గశిరం కనబడదు. “సాయా నక్కో భాయ్, బస్” (నీడ వద్దు, చాలు) అంటాడు వచ్చిన మేస్త్రీ. సూత్రం అంతే. సెల్స్ అన్నీ వరసగా ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఒక మూలన పడ్డ నీడ, లేదా పావురం రెట్ట, ఆ వరసనంతా కిందికి లాగుతుంది. పావురాలు పెంచే వీధుల్లో ఇది చిన్న విషయం కాదు.

కోతికి వ్యాఖ్య అక్కరలేదు.

“ఎండ మాత్రమొకటి.” ఈ ఒక్క మెచ్చుకోలులోనూ రెండు మెలికలున్నాయి. మొదటిది: ప్యానెల్‌కు వెలుగు కావాలి, వేడి వద్దు. దాని శక్తిని లెక్కగట్టేది 25 డిగ్రీల దగ్గర. అంతకు మించి వేడెక్కిన ప్రతి డిగ్రీకి నూటికి 0.3 నుంచి 0.4 దాకా తగ్గుతుంది. మే నెలలో మిద్దె మీది అద్దం 60 దాటుతుంది కాబట్టి పదో వంతుకు పైగా అక్కడే ఆవిరి. రెండోది మరీ విడ్డూరం. ఆన్‌గ్రిడ్ సోలార్ పెట్టిన ఇంట్లో వీధి కరెంటు పోతే ఇంటి కరెంటూ పోతుంది, నెత్తిన ఎంత ఎండ మండుతున్నా సరే. లైన్‌మన్ స్తంభమెక్కి తీగ పట్టుకున్నప్పుడు మన మిద్దె నుంచి కరెంటు వెళ్ళి ఆయనను కొట్టకూడదని ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంది. ఇది ధర్మం. ఈ ధర్మాన్ని నానమ్మకు వివరించే బాధ్యత వెండరుదే, బయానా తీసుకోక ముందే.

పాఠాంతరం: “యెదురు లేకయె” అన్నచోట చత్రినాక వారు “యెదురు చూడక” అని చదువుతారు. ఛందస్సు చెడదు. ఎదురు చూపించేది ఎండ కాదు, నెట్ మీటర్ అని వారి అభిప్రాయం. మాకూ సమ్మతమే.

చివరి పాదంలో “బస్తీ” దీర్ఘం ఛందస్సు కోసం పోయింది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రో దారికి రోడ్డు వెడల్పు చేసే చోట ఇండ్లకూ ఇదే గతి. అందుచేత గోడ మీద మార్కింగు పడ్డవారు ఈ పద్యాన్ని ప్రస్తుతానికి పారాయణ మాత్రం చేసుకోవలెను.

తాత్పర్యం రాయడానికి తమ్ములిద్దరి సంతకాలూ కావాలి. పెద్దవాడు చేశాడు. చిన్నవాడు దుబాయిలో ఉన్నాడు. రంజాను తర్వాత సెలవు దొరకవచ్చునని చెప్పాడు.